అమ్మ పాలకూర కోతకు పోతుంది. ఎడమ కాలు తిమ్మిరి, చెప్పు జారిపోతోంది. ఇది వయసేనా?

అత్తాపూర్_బిడ్డ

అందరికీ నమస్తే. మాది మొయినాబాద్ దాటాక ఒక ఊరు. నేను అత్తాపూర్‌లో రూమ్ తీసుకుని ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. అమ్మ ఊళ్లోనే ఉంటుంది, ఆకుకూరల తోటల్లో కూలికి పోతుంది. వయసు నలభై ఎనిమిది. బీపీ లేదు. షుగర్ పరీక్ష ఎప్పుడూ చేయించుకోలేదు.

ఈ వానాకాలం నుంచి అమ్మకు ఎడమ మోకాలి కింద బయటి పక్క, పాదం మీద తిమ్మిరి పట్టుకుంది. మొదట్లో తోట నుంచి వచ్చి కాసేపు అటూ ఇటూ తిరిగితే పోయేది. ఇప్పుడు రాత్రి పడుకునేదాకా ఉంటోంది. నడుము నొప్పి ఎప్పటినుంచో ఉన్నదే, అమ్మ దాన్ని నొప్పి కింద లెక్కే వేయదు. నాకు టెన్షన్ పెట్టింది ఇంకొకటి. నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోతోంది. పాత చెప్పు వదులైందేమో అని కొత్త జత కొన్నాం. అది కూడా ఎడమ కాలికే జారుతోంది.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంది. నొప్పి గోలీలు రాసిచ్చి, ఈ వయసులో ఇవన్నీ మామూలే అన్నారట. రాత్రిపూట జిందా తిలిస్మాత్ రాసుకుని పడుకుంటుంది. తమ్ముడు నడుము బెల్టు కొనిచ్చాడు, అది పెట్టుకుని పనికి పోతోంది. వయసు అంటే నాకు ఎందుకు ఎక్కడం లేదంటే, అదే తోటలో కోతకు వచ్చే ఇంకో ఇద్దరికీ కాలు ఇలాగే మొద్దుబారుతోంది. అందులో ఒకామెకు పెళ్లయి నాలుగేళ్లు కూడా కాలేదు.

మొన్న సెలవు రోజు నేనూ తోటకు వెళ్లి గట్టు మీద కూర్చుని పని మొత్తం చూశాను. మధ్యాహ్నం ఎండ తగ్గుముఖం పట్టాక పాలకూర కోత మొదలవుతుంది, చీకటి పడేదాకా సాగుతుంది. అమ్మ మడి మొదట్లో గొంతుక్కూర్చుంటుంది. బరువంతా ఎడమ మడమ మీద. ఎడమ చేత్తో ఆకును గుప్పిట్లోకి దూసుకుని, కుడి చేత్తో కొడవలి మొదట్లో పెట్టి లాగుతుంది. గుప్పెడు నిండగానే మోకాలి మీద ఆనించి చివర్లు సరిచేసి పక్కన పెడుతుంది. లేవదు. అలా కూర్చునే పక్కకు జరుగుతూ మడి చివరిదాకా పోతుంది. అక్కడ లేస్తుంది, అదీ నేరుగా కాదు, చెయ్యి తొడ మీద నొక్కి పెట్టి, సగం వంగి, అదే వంపులో పక్క మడికి పోయి మళ్లీ కూర్చుంటుంది. కోత అయ్యాక కట్టలు కట్టడం, అదీ నేల మీదే. తర్వాత తొట్టిలో ముంచి తీసిన తడి కట్టలను గోనెలో వేసి ఆటో ట్రాలీ దాకా మోయడం. ఆ గోనె ఎంత బరువుంటుందో అని లేపబోతే నాకు కదల్లేదు.

డబ్బు వంద కట్టలకు ఇంత అని ఇస్తారు. అందుకే మధ్యలో లేవమంటే అమ్మ వినదు. లేచిన ప్రతిసారీ కట్టలు తగ్గుతాయి కదా అంటుంది.

ఏ డాక్టర్‌కు చూపించాలి? పని మానేయమని చెప్పే స్థితిలో మేము లేము, అమ్మ మానదు కూడా. పని చేసే పద్ధతిలో ఏమైనా మార్చవచ్చా? తోట యజమానితో ఎలా మాట్లాడాలో కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

తార్నాక_ఫిజియో

మీరు చెప్పినవాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఆ చెప్పు. నొప్పి కంటే, తిమ్మిరి కంటే అదే ముందు చూడాల్సింది.

మోకాలికి బయటి వైపు, కొంచెం కిందికి వేలితో తడిమితే ఒక ఎముక బొడిపె తగులుతుంది. దాని మెడ చుట్టూ ఒక నరం తిరిగి కాలి ముందు వైపుకు వస్తుంది. పెరోనియల్ నరం అంటాం. అక్కడ దానికి కండ రక్షణ లేదు, చర్మం కిందే ఉంటుంది. పాదాన్ని, వేళ్లను పైకి లేపే కండరాలకు ఆజ్ఞ ఇచ్చేది అదే. పిక్క బయటి పక్క, పాదం పైభాగం స్పర్శ కూడా దానిదే. గొంతుక్కూర్చుని మోకాలు పూర్తిగా మడిచినప్పుడు ఆ నరం అక్కడ సాగుతుంది, నలుగుతుంది కూడా. కాసేపైతే ఏమీ కాదు. రోజూ గంటల తరబడి, ఒకే కాలి మీద బరువు వేసి కూర్చుంటే నరం పని తగ్గుతుంది. పాదం ముందు భాగం సరిగా లేవకపోతే హవాయి చెప్పు పట్టు తప్పి జారుతుంది. విదేశాల్లో స్ట్రాబెర్రీ కోసే కూలీల్లో ఇదే కనిపించి, వైద్య పుస్తకాల్లో స్ట్రాబెర్రీ పికర్స్ పాల్సీ అన్న పేరు స్థిరపడింది. పంట ఏదైనా కూర్చునే తీరు ఒకటే.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. అమ్మగారిని గోడ పక్కన, మీరు చెయ్యి పట్టుకుని, మడమల మీద మాత్రమే నాలుగడుగులు నడవమనండి. కుడి పాదం ముందు భాగం లేచి ఎడమది లేవకపోయినా, లేచి వెంటనే పడిపోతున్నా ఆలస్యం చేయొద్దు. న్యూరాలజీకి చూపించండి. నిమ్స్‌లో, ఉస్మానియాలో, గాంధీలో ఆ విభాగాలున్నాయి. నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతోందో చూసే నెర్వ్ కండక్షన్ టెస్ట్ రాస్తారు. నడుములో ఐదో నరం మూలం డిస్క్ వల్ల నొక్కుకున్నా పాదం ఇలాగే పడిపోతుంది. అమ్మగారికి నడుము నొప్పి కూడా ఉంది కాబట్టి రెంటిలో ఏదో తేల్చడం అవసరం. షుగర్ తప్పకుండా చూపించండి. షుగర్ ఉన్నవాళ్ల నరాలు ఒత్తిడికి త్వరగా దెబ్బతింటాయి. ఈ మధ్య బరువు బాగా తగ్గారా అన్నది కూడా డాక్టర్‌కు చెప్పండి.

మూత్రం ఆగిపోవడం, మల మూత్ర ద్వారాల చుట్టూ స్పర్శ పోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

మోకాలి దగ్గర ఒత్తిడి వల్లే అయితే, ఆ ఒత్తిడి ఆపితే చాలామందిలో వారాల్లో, నెలల్లో నరం కోలుకుంటుంది. ఆపకుండా గోలీలతో నెట్టుకొస్తే బలహీనత అలాగే ఉండిపోయే ప్రమాదం ఉంది. నొప్పి గోలీల గురించి ఇంకో మాట. ఎండలో చెమటపట్టి, నీళ్లు తక్కువ తాగి, వాటిని రోజూ వేసుకుంటే కిడ్నీల మీద దెబ్బ పడుతుంది, కడుపులో పుండ్లు పడతాయి. పొలం పని చేసేవాళ్లు నా దగ్గరికి వస్తే నేను మొదట అడిగేది ఈ గోలీల గురించే.

ఇక నడుము. స్వీడన్‌లో నాఖెమ్సన్ అనే ఆర్థోపెడిక్ సర్జన్ 1960లలో మనుషుల వెన్ను డిస్క్‌లోకి సన్నని సూది పంపి లోపలి ఒత్తిడి కొలిచారు. నిటారుగా నిలబడినప్పటి ఒత్తిడిని 100 అనుకుంటే, ముందుకు వంగి నిలబడితే సుమారు 150 అయింది, చేతుల్లో బరువుతో వంగితే 200 దాటింది. దీనికి తోడు, చాలాసేపు వంగి ఉంటే వెన్ను వెనక పట్టీలు సాగిపోతాయి, కండరాలు పట్టు వదిలేస్తాయి. లేవగానే అవి వెంటనే మామూలు స్థితికి రావు. కాబట్టి మీ అమ్మగారి పనిలో నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఆఖరి ఘట్టం, గంటల తరబడి వంగి కూర్చుని లేచీ లేవగానే తడి గోనె ఎత్తడం. నడుముకు రోజంతటిలో అది అత్యంత బలహీనమైన సమయం. లేచాక నిటారుగా నిలబడి, రెండు నిమిషాలు నడిచి, ఆ తర్వాతే బరువు ముట్టుకోవాలి. ఒక్కరే ఎత్తకూడదు.

బెల్టు మీద నమ్మకం పెట్టుకోవద్దు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ 1994లోనే బెల్టుల మీద జరిగిన పరిశోధనలన్నీ చూసి, పనివాళ్లను గాయాల నుంచి కాపాడతాయని వాటిని సిఫారసు చేయలేమని చెప్పింది. బెల్టు ఉంది కదా అని ఎక్కువ బరువు ఎత్తేవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను.

ప్రస్తుతానికి ఎడమ కాలు మడిచి కూర్చోవడం పూర్తిగా ఆపాలి. తక్కువ ఎత్తు పీట వేసుకుని, ఎడమ కాలు ముందుకు చాపి కోయవచ్చు. పావుగంటకోసారి లేచి మడమలు నేలకు ఆనించి నిలబడాలి. రాత్రి కాలు మీద కాలు వేసుకుని పడుకోవద్దని కూడా చెప్పండి.

షాబాద్_పత్తిచేను

చెల్లె, నేను ఫోన్‌లో మాట్లాడుతుంటే అదే టైప్ చేస్తోంది, తప్పులుంటే ఏమనుకోకు. నేను పత్తి ఏరేదాన్ని. దసరా దాటినప్పటి నుంచి సంక్రాంతి దాకా మాకు అదే పని. పత్తి చెట్టు నడుము దాకా ఉన్నా కింది కాయ మోకాలి కింద ఉంటుంది. పైది అందుకోవాలంటే నిలబడాలి, కిందిది అందుకోవాలంటే వంగాలి, ఆ చెట్టు కాడనే పది సార్లు. మెడకు కట్టుకున్న సంచి నిండేకొద్దీ మెడను ముందుకు లాగుతుంది. కాయ గుల్ల కొసలు సూదుల్లెక్క ఉండి గోరు సందుల్లో దిగుతాయి. సాయంత్రం అన్నం కలుపుకుంటే కారం మండుతుంది.

సార్ చెప్పింది నిజమే, లేవాలె. కానీ ఒక్కతే లేస్తే ఏమవుతుందో నీకు తెలుసు. మేస్త్రి చూస్తాడు, పక్కామె చూస్తుంది. పని ఎగ్గొడుతోంది అంటారు. రేపటి నుంచి పిలుపు రాదు. మా గుంపులో మేము చేసింది ఏందంటే, అందరం ఒకేసారి లేస్తాం. నీళ్ల క్యాన్ తెచ్చినప్పుడు అందరం నిలబడతాం, సంచి దించుతాం, నీళ్లు తాగుతాం, నడుము వెనక్కు వంచుతాం. ఒక్క మనిషిని అనొచ్చు గానీ గుంపును అనలేరు. కిలోకు ఇంత అని ఇస్తారు కాబట్టి మొదట్లో మాలో మాకే గొడవైంది. నువ్వు లేస్తే లేవు, నన్నెందుకు లేపుతున్నావు అన్నారు. పొద్దుగూకేసరికి తూకం పెద్దగా తగ్గకపోయేసరికి ఊరుకున్నారు. మధ్యాహ్నం తర్వాత చేతులు ఆడటం మాకే తెలిసింది.

సంచి మాత్రం మెడకు కట్టుకోవద్దు. మేము చీర మీద పాత అంగీ తొడుక్కుని, నడుముకు వెడల్పు గుడ్డతో కడతాం, సగం నిండగానే పోయి తాటులో పోస్తాం. పోవడం రావడం నడక కూడా నడుముకు మంచిదే.

ఇంకో సంగతి ఆడవాళ్లకే తెలుస్తుంది. చేనులో మరుగు లేదు. అందుకని చాలామంది పొద్దున నుంచి నీళ్లు తాగరు. మూత్రంలో మంట, తలనొప్పి, పిక్కలు పట్టేయడం, అన్నీ అందుకే. మీ అమ్మ నొప్పి గోలీలు వేసుకుంటోంది అంటున్నావు, నీళ్లు ఎన్ని తాగుతోందో అడుగు. సరిగ్గా చెప్పదు, నువ్వే సీసా చూడు. మేము నాలుగు కర్రలు పాతి పాత చీరలు కట్టి ఒక మూల మరుగు చేసుకున్నాం. ఆసామిని అడగలేదు, చేసేశాం. ఆయనా ఏమనలేదు.

ఇంటికి పోయాక అంట్లు, బట్టలు మళ్లీ నేల మీదే. నీకు వీలైతే బట్టలుతికే బండ నడుము ఎత్తుకు కట్టించు. సిమెంటు, ఇటుకలు పెద్ద ఖర్చు కాదు. అది నీ చేతిలో ఉన్న పని, ఎవరినీ అడగక్కర్లేదు.

అత్తాపూర్_బిడ్డ

అక్కా, నీళ్ల సంగతి నాకు తట్టనే లేదు. అమ్మ పొద్దున తీసుకుపోయిన సీసా సాయంత్రం సగం నీళ్లతో వెనక్కి తెస్తుంది. ఇన్నాళ్లూ నేను అది రెండోసారి నింపుకున్న సీసా అనుకుంటున్నాను. సార్, పరీక్ష రేపు ఊరెళ్లి చేయించి చెబుతాను.

శంకర్‌పల్లి_ఆకుకూరలు

నేను కూలి ఇచ్చేవాడిని. ఎకరంన్నరలో పాలకూర, మెంతి, కొత్తిమీర వేస్తాను, సరుకు గుడిమల్కాపూర్‌కు పోతుంది. యజమాని వైపు లెక్క కూడా తెలిస్తే మీరు మాట్లాడటం తేలిక అవుతుందని రాస్తున్నాను.

ముందు నిజం చెబుతాను. ఆకుకూరల్లో రేటు ఈ రోజు ఉన్నట్టు రేపు ఉండదు. ఒక్క పెద్ద వాన పడితే కొత్తిమీర మొత్తం కుళ్లుతుంది. బండి తెల్లవారకముందే మార్కెట్‌లో ఉండాలి, ఆలస్యమైతే సరుకు వాడిపోయి సగం ధరకు పోతుంది. అందుకే మాలో ఎక్కువమంది కట్టకు ఇంత అని ఇస్తారు, పని త్వరగా తెములుతుందని. కానీ ఈ చుట్టుపక్కల ఇప్పుడు కోతకు మనుషులు దొరకడం లేదు. వయసులో ఉన్నవాళ్లు అపార్ట్‌మెంట్లలో, ఎయిర్‌పోర్ట్ దగ్గర హౌస్‌కీపింగ్‌కు పోతున్నారు. అక్కడ నిలబడి చేసే పని, నెల జీతం. వచ్చే ఆ నలుగురైదుగురి ఒళ్లు పాడైతే నా తోట నిలవదు. మీరు యజమానితో జాలి గురించి మాట్లాడకండి, ఈ మాట మాట్లాడండి.

మా దగ్గర పనిచేసిన మార్పులు చెబుతాను. అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది బల్ల. కోసిన ఆకును నేల మీద కాకుండా, గట్టు దగ్గర నడుము ఎత్తున వేసిన బల్ల మీద కట్టలు కడతాం. నాలుగు వెదురు గుంజలు, మీద పాత ప్లైవుడ్, ఎండకు పైన షేడ్ నెట్. కోసేవాళ్లు, కట్టేవాళ్లు గంటకోసారి మారతారు. ఒక గంట కూర్చుని చేస్తే ఒక గంట నిలబడి చేస్తారు. వేరే విరామం అడగకుండానే మోకాలికి విరామం దొరుకుతుంది. ఇది కావాలంటే కట్ట లెక్క తీసేయాలి, ఎందుకంటే ఎవరు ఎన్ని కోశారో తెలియదు. నేను పూట కూలి చేసేశాను. మొదటి వారాల్లో పని కొంచెం నెమ్మదించిన మాట నిజం. తర్వాత కట్ట సైజు ఒక తీరుగా రావడం, చివర్లు సరిగ్గా ఉండటం వల్ల మార్కెట్‌లో బేరం తేలికైంది.

రెండోది గోనె మానేయడం. తడి పాలకూర గోనెలో నింపితే పట్టు చిక్కదు, వీపు మీదికో తల మీదికో ఎత్తక తప్పదు. రెండు పక్కలా పిడి ఉన్న ప్లాస్టిక్ క్రేట్లు వాడుతున్నాం, ఒక్కోదాన్ని ఇద్దరు పట్టుకుంటారు. నీళ్లు కారిపోయాకే బండి ఎక్కిస్తాం, ఊరికే నీళ్ల బరువు మోయడం ఎందుకు? ఆకు కూడా నలగదు, అది మాకే లాభం.

మూడోది కూర్చునే దిమ్మ. పీట కాళ్లు తడి నేలలో దిగబడతాయి. థర్మాకోల్ దిమ్మను గోనె గుడ్డలో కుట్టించి, పట్టీలతో నడుముకు కట్టుకునేలా చేశాం. లేస్తే దిమ్మ కూడా లేస్తుంది, పక్కకు జరిగితే వెంట వస్తుంది. కొరియాలో రైతులు ఇలా కట్టుకునే మెత్తలు వాడటం ఒక వీడియోలో చూసి చేయించాను. మొదట్లో ఆడవాళ్లు సిగ్గుపడ్డారు, ఇప్పుడు ఎవరి దిమ్మ వాళ్లు ఇంటికి పట్టుకుపోతారు.

కొడవలికి కక్కు పోయిందేమో కూడా చూడండి. మొద్దుబారిన కొడవలితో ప్రతి గుప్పెడుకూ మణికట్టు తిప్పాల్సి వస్తుంది, ఒళ్లు ఇంకా ముందుకు వంగుతుంది. మడి వెడల్పు మూడడుగులకు మించకుండా వేస్తే రెండు పక్కల నుంచీ అందుతుంది, సాగి కోయక్కర్లేదు. అది వచ్చే విత్తుకు మాత్రమే కుదిరే పని.

రాజేంద్రనగర్_అగ్రి

నేను ఇక్కడ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను. షాబాద్ అక్క అన్న మాట చదివాక ఒక సంగతి రాయాలనిపించింది. నిలబడితే పని ఎగ్గొట్టినట్టు చూడటం మన దగ్గరే కాదు. కాలిఫోర్నియాలో ఒకప్పుడు కలుపు తీయడానికి, మొక్కలు పలచన చేయడానికి చాలా పొట్టి పిడి ఉన్న పారలు ఇచ్చేవారు. కూలీలు వాటిని ఎల్ కోర్టిటో అనేవారు, పొట్టిది అని. నడుము విరిగేలా వంగితే తప్ప దానితో పని కాదు. పొడవు పిడి పారతో మొక్కలు పాడవుతాయని రైతులు వాదించారు. అయితే మేస్త్రీలకు ఇంకో సౌకర్యం ఉండేది, ఎవరు నడుము ఎత్తినా దూరం నుంచే కనిపించేవారు. కూలీలు, వారి లాయర్లు, డాక్టర్లు కోర్టుల దాకా వెళ్లి పోరాడితే 1975లో దాన్ని నిషేధించారు. పొడవు పిడితోనూ పంటలు మామూలుగానే పండాయి.

విరామం సంగతికి వస్తే, వంగి చేసే పొలం పనుల్లో గంటకోసారి ఐదు నిమిషాలు అదనంగా ఆపి చూస్తే కూలీల ఒళ్లు నొప్పులు తగ్గాయని అక్కడి పరిశోధకులు 2007లో ప్రచురించారు. ద్రాక్ష కోతలో టబ్బును సుమారు 26 కిలోల నుంచి 21 కిలోలకు తగ్గిస్తే నొప్పుల ఫిర్యాదులు బాగా తగ్గాయి. బరువు ఎత్తే పనులకు నియాష్ వాడే లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నా, అంటే బరువు ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తులో, మెలిక తిరగకుండా, ఎప్పుడో ఒకసారి ఎత్తినా, గరిష్ఠం 23 కిలోలే. నేల మీది నుంచి ఎత్తితే అది ఇంకా తగ్గుతుంది. మీ అమ్మగారి తడి గోనెను ఒకసారి ట్రాలీ వాళ్ల కాటా మీద పెట్టించండి. యజమాని ముందు మాట్లాడేటప్పుడు చాలా బరువు అనడం కంటే కిలోలు చెప్పడం బలంగా ఉంటుంది.

సైఫాబాద్‌లోని మా కమ్యూనిటీ సైన్స్ కాలేజీలో మహిళా రైతుల శ్రమ తగ్గించే పనిముట్ల మీద పని జరిగింది. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ కూడా ఆడవాళ్ల చేతికి, ఎత్తుకు సరిపోయే కొడవళ్లు, కలుపు పనిముట్లు తయారు చేసింది. మీ మండలం వ్యవసాయ విస్తరణాధికారిని అడిగితే ఇవి ఎక్కడ దొరుకుతాయో చెప్పగలరు.

అత్తాపూర్_బిడ్డ

ఊరి నుంచి ఇప్పుడే వచ్చాను. మడమల మీద నడిపించాను సార్. కుడి పాదం బాగానే లేచింది. ఎడమ బొటనవేలు కొద్దిగా లేచి పడిపోయింది, పాదం నిలవలేదు. అమ్మ కూడా అది చూసి ఆగిపోయింది. నొప్పి లేదు కదా, ఇదేంటి అంది. అంతవరకు డాక్టర్ దగ్గరికి రానన్న మనిషి, అప్పుడు సరే అంది. రేపు పొద్దున్నే ఓపీకి వెళ్తున్నాం, షుగర్ పరీక్ష కూడా చేయిస్తాం. నొప్పి గోలీలు ఆపింది.

గోనె తూకం వేయించాను. ముప్పై ఎనిమిది కిలోలు వచ్చింది. తోట యజమాని అక్కడే ఉన్నారు. ఆయన ఇన్నేళ్లలో దాన్ని ఎప్పుడూ తూయలేదట, మార్కెట్‌లో లెక్క కట్టల్లోనే కదా. క్రేట్లకు ఒప్పుకున్నారు. కట్ట లెక్క మాత్రం తీసేయను అన్నారు, మిగతా తోటల వాళ్లు ఏమంటారో అని. కోతకు వచ్చే ముగ్గురితోనూ మాట్లాడాను. షాబాద్ అక్క చెప్పినట్టు అందరూ ఒకేసారి లేవడానికి సిద్ధంగా ఉన్నారు. ఒకామె మాత్రం, ముందు కూలి తగ్గదని తేలితేనే అంది. ఆమె ఇంట్లో చిట్టీ నడుస్తోంది, ఆమెను తప్పు పట్టలేను. బల్ల గురించి ఇంకా అడగలేదు. రెండూ ఒకే రోజు అడిగితే రెండూ కాదంటారేమో అనిపించింది.

అమ్మ ఈ వారం కోతకు కూర్చోదు, కట్టలు మాత్రం నిలబడి కడతానంటోంది. శంకర్‌పల్లి అన్నా, ఆ దిమ్మ కొలతలు చెబుతారా? ముగ్గురికీ కుట్టిస్తాను.

శంకర్‌పల్లి_ఆకుకూరలు

ఎత్తు ఏడెనిమిది అంగుళాలు ఉండాలి. అంతకంటే తక్కువైతే మోకాలు మళ్లీ పూర్తిగా మడుచుకుంటుంది, ఎక్కువైతే నేలకు చెయ్యి అందక నడుము వంచుతారు. అమ్మగారిని గోడకు కూర్చోబెట్టి చూసి ఒక అంగుళం అటూ ఇటూ మార్చండి. అడుగు వైపు పన్నెండు అంగుళాల చదరం, పైన పది చాలు. ఫ్రిజ్‌ల ప్యాకింగ్‌లో వచ్చే తేలిక థర్మాకోల్ వద్దు, వారంలో నలిగిపోతుంది. గట్టిగా, నొక్కితే దిగనిది తీసుకోండి. ముందు పాలిథిన్‌లో చుట్టి, ఆ తర్వాత గోనె గుడ్డ కుట్టించండి, తడి లోపలికి పోదు. పట్టీలు రెండు తొడలకు, ఒకటి నడుముకు. స్కూల్ బ్యాగు పట్టీ వెడల్పు ఉండాలి, సన్న తాడు కోసుకుపోతుంది. ముడి కాకుండా బకిల్ పెట్టించండి, తడి చేతులతో ముడి విప్పడం కష్టం. క్రేట్లకు ఆయన ఒప్పుకున్నారు కాబట్టి, బల్ల సంగతి క్రేట్లు వచ్చిన రోజు కదపండి. నేల మీద కూర్చుని క్రేట్ నింపడం ఇబ్బందని ఆయనకే కనిపిస్తుంది.